విమానంలో లొల్లి చేస్తే ఆపేది ఎవరు?

విమానంలో ఎవడో తాగి లొల్లి చేసిన వీడియో వాట్సాప్‌లో తిరిగిన ప్రతిసారీ రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి, "వాణ్ని అక్కడే నాలుగు తన్ని దింపేస్తే సరిపోయేది". రెండోది, "జన్మలో మళ్ళీ విమానం ఎక్కనియ్యొద్దు". మొదటిది గాల్లో కుదిరే పని కాదు. రెండోది చట్టంలో మనం అనుకున్నంత సులువుగా లేదు. గొడవ మొదలైన నిమిషం నుంచి ఆ మనిషి పేరు నిషేధ జాబితాలోకి ఎక్కేదాకా చాలా చేతులు మారాలి. నా లెక్కలో అసలు కష్టం గాల్లో కంటే నేల మీదే ఎక్కువ.

వరంగల్‌లో కూర్చుని దీని గురించి ఎందుకంటారా, మన దిక్కున విమానం ఇప్పుడు పెద్దోళ్ళ వాహనం కాదు. జగిత్యాల, కోరుట్ల, నిర్మల్, సిరిసిల్ల, ఆర్మూర్ నుంచి దుబాయికో దమ్మాంకో కూలికి పోయే మనిషి, హన్మకొండ నుంచి అమెరికా చదువుకు పోయే పిల్ల, మనుమణ్ణి ఎత్తుకోవడానికి డాలస్ పోయే అమ్మమ్మ, అందరూ శంషాబాద్‌లోనే ఎక్కుతున్నారు. మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం ఏళ్ళకేళ్ళు మూతబడి ఉంది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకోటి రావద్దన్న ఒప్పందం అడ్డం పడుతూ వచ్చింది, చివరికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం దాని అభివృద్ధికి ఒప్పుకుంది. అది తెరుచుకుంటే మొదటిసారి విమానం ఎక్కేవాళ్ళు మన దగ్గర ఇంకా పెరుగుతారు.

ఆర్టీసీ బస్సులో తాగినోడు కిరికిరి పెడితే కండక్టర్ బెల్లు కొట్టి బస్సు ఆపిస్తాడు, మాట వినకపోతే డ్రైవర్ బస్సును నేరుగా పోలీస్ స్టేషన్ ముందుకే తీసుకుపోతాడు. విమానంలో ఆ బెల్లు లేదు. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత కాక్‌పిట్ తలుపులు తూటాలకు తట్టుకునేలా మార్చి లోపలి నుంచి తాళం వేసి ఉంచుతున్నారు కాబట్టి కెప్టెన్ బయటికొచ్చి సర్దిచెప్పే రోజులు పోయాయి. వెనకాల ఏం జరుగుతోందో ఆయనకు ఇంటర్‌కామ్‌లో సిబ్బంది చెప్పిందే తెలుస్తుంది. మన దేశంలో 50 సీట్లకు ఒకరు చొప్పున క్యాబిన్ సిబ్బంది ఉండాలన్నది నిబంధన, అంటే 180 సీట్ల విమానంలో నలుగురు. వాళ్ళను మనం టీ, సమోసా తెచ్చేవాళ్ళుగానే చూస్తాం గానీ, ఆ నలుగురిని అక్కడ పెట్టింది నిప్పు అంటుకుంటేనో విమానం నీళ్ళలో దిగితేనో జనాన్ని బయటపడేయడానికి. ఒక విమానం మోడల్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే, సగం తలుపులు మాత్రమే వాడి 90 సెకన్లలో అందరినీ ఖాళీ చేయించగలమని చూపించాలి. నలుగురిలో ఇద్దరు ఒక తాగుబోతు పక్కన ఇరుక్కుపోతే మిగతా విమానానికి ఇద్దరే మిగులుతారు. ఒక్కడి గొడవ అందరి భద్రత సంగతి అయ్యేది ఇందుకే.

మరి వాళ్ళు ఏం చేస్తారు? బయటికి చూస్తే ఏమీ చేయనట్టే ఉంటుంది. గొంతు పెంచరు. నిలబడి వేలు చూపించకుండా కొంచెం వంగి, కంటికి కన్ను సమంగా వచ్చేలా మాట్లాడతారు, పేరు అడుగుతారు, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు కాస్త దూరంగా నిలబడి కనిపెడుతుంటారు. ఆ మనిషికి ఒకరి మీద పంతం పట్టిందనిపిస్తే వేరే వాళ్ళు వస్తారు. మందు పోయడం చప్పుడు లేకుండా ఆపేస్తారు. పక్కన కూర్చున్న ఆమెను, పిల్లలు ఉంటే పిల్లలను వేరే సీట్లకు మారుస్తారు. లొంగకపోతే గట్టి హెచ్చరిక, కెప్టెన్‌కు కబురు, కొన్ని సంస్థల్లో చేతికి రాతపూర్వకమైన నోటీసు. అప్పటికీ ఆగకపోతేనే చేతులకు ప్లాస్టిక్ బంధనాలు వేయడం. మంచి మాటతో చేయగలిగిందంతా అయిపోయాకే వాటిని వాడాలని మన దేశంలో విమానాలకు నియమాలు పెట్టే సంస్థ డీజీసీఏ చెప్తుంది. కట్టేశాక పని అయిపోదు. ఊపిరి సరిగ్గా ఆడుతోందా, చేతులు వాచాయా అని చూస్తూ ఉండాలి, విమానానికి ఏదైనా అయితే మళ్ళీ అతన్ని విప్పి బయటికి తీసుకుపోవాల్సింది కూడా వాళ్ళే.

ఇదంతా తలుపు మూసిన తర్వాతి కథ. 1963 నాటి టోక్యో ఒప్పందం ప్రకారం బయటి తలుపులన్నీ మూసిన క్షణం నుంచి దిగడానికి ఒక తలుపు తెరిచేదాకా లోపల పెద్ద కెప్టెనే. మనిషిని కట్టేయించవచ్చు, దారి మళ్ళించి దింపేయవచ్చు, దిగిన చోట పోలీసులకు అప్పగించవచ్చు. తలుపు మూయకముందైతే కింది సిబ్బందినీ విమానాశ్రయానికి కాపలా కాసే సీఐఎస్ఎఫ్‌నూ పిలిచి దింపేయడం పది నిమిషాల పని. ఎక్కేటప్పుడే తూలుతున్నవాణ్ని చూసి సిబ్బంది గుసగుసలాడుకోవడం మీరు గమనించి ఉంటే, కారణం అదే.

లొల్లి ఎందుకు పుడుతుంది అంటే అందరూ మందు అంటారు. కొంత నిజమే. మన దేశం లోపల తిరిగే విమానాల్లో మందు పోయరు, బయటి దేశాలకు పోయేవాటిలో చాలా సంస్థలు పోస్తాయి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి దాదాపు 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది, గాలి పొడిగా ఉంటుంది. రక్తంలో మందు శాతం ఎత్తు వల్ల పెరగదు గానీ ఆక్సిజన్ తగ్గుతుంది. జర్మనీ పరిశోధకులు 2024లో ప్రచురించిన ఒక ప్రయోగంలో అలాంటి ఒత్తిడిలో మందు తాగి పడుకున్నవాళ్ళ రక్తంలో ఆక్సిజన్ 85 శాతం దగ్గరికి పడిపోయింది. ముందు రాత్రి జగిత్యాలలో బయలుదేరి, నిద్ర లేక, సరిగ్గా తినక, ఎక్కే ముందు నాలుగు పెగ్గులు వేసుకున్న మనిషి సంగతి మీరే ఊహించుకోండి.

అయితే మందు ఒక్కటే కాదు. అంతర్జాతీయ విమానయాన సంఘం ఐఏటీఏ లెక్కల్లో 2021లో 835 విమానాలకు ఒక ఘటన ఉంటే, 2022లో 568కి ఒకటి, 2023లో 480కి ఒకటి అయ్యింది. అమెరికాలో 2021 ఒక్క ఏడాదే దాదాపు 6,000 ఫిర్యాదులు వచ్చాయి, వాటిలో ఎక్కువ మాస్కు పెట్టుకోమన్నందుకు జరిగిన గొడవలే. ఇంకో పరిశోధన ఉంది, 2016లో వచ్చింది. ఫస్ట్ క్లాస్ ఉన్న విమానాల్లో వెనక సీట్లవాళ్ళ గొడవలు నాలుగు రెట్ల దాకా ఎక్కువని, ముందు తలుపు నుంచి ఎక్కించి ఆ పెద్ద సీట్ల మధ్య నుంచి నడిపిస్తే ఇంకా పెరుగుతాయని చెప్పింది. దాని లెక్కల మీద తర్వాత అభ్యంతరాలు వచ్చాయి. నాకు మాత్రం గంటలకొద్దీ ఆలస్యం, మోకాళ్ళు తగిలే సీట్లు, ఏం జరుగుతోందో ఒక్క ముక్క చెప్పని కంపెనీ, ఈ కోపమంతా కనిపించిన మొదటి యూనిఫాం మీద పడటం అర్థం కాని విషయమేమీ కాదు. ఆలస్యానికి ఆ యూనిఫాంలో ఉన్న పిల్ల కారణం కాదు, అంతే.

ఇక మన దిక్కు గురించి చెప్పుకోవాల్సిన సంగతి. నియమం మీరడం, లొల్లి చేయడం ఒకటి కాదు. 2023లో అహ్మదాబాద్ నుంచి బెంగళూరు పోతున్న విమానంలో ఒక పెద్దాయన టాయిలెట్‌లో బీడీ వెలిగించి దొరికిపోయాడు. అది మొదటి ప్రయాణం, రైల్లో ఎప్పుడూ ఇట్లనే తాగుతా అన్నాడని వార్తల్లో వచ్చింది. జైలుకు పోయాడు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల అంటే ఇంటింటా బీడీలు చుట్టిన ప్రాంతం, ఆయన స్థానంలో మన ఊరి మనిషిని ఊహించుకోవడం కష్టం కాదు. ఆయన్ను వెనకేసుకురావడానికి కాదు ఇది చెప్పడం. టాయిలెట్‌లో నిప్పు ఎంత పని చేస్తుందో 1973లోనే తెలిసింది. రియో డి జనీరో నుంచి పారిస్ పోతున్న వారిగ్ విమానంలో వెనక టాయిలెట్‌లో మంట పుట్టి, పొగ నిండి, 123 మంది చనిపోయారు. చెత్తబుట్టలో పడేసిన సిగరెట్ వల్లే కావచ్చని అనుమానించారు. పొగ తాగడం నిషేధమైన ఈ రోజుల్లో కూడా టాయిలెట్ తలుపు దగ్గర యాష్‌ట్రే ఎందుకు ఉంటుందని చాలామంది అడుగుతారు. ఎవడో ఒకడు వినకుండా వెలిగిస్తాడు, వెలిగించినవాడు భయపడి కాగితాల బుట్టలో పడేయకుండా ఉండాలని.

ఎమర్జెన్సీ తలుపు కూడా ఇట్లాంటిదే. పూర్తి ఎత్తులో లోపలి ఒత్తిడి తలుపును ఎంత బలంగా పట్టి ఉంచుతుందంటే మనిషి చేతులతో అది తెరుచుకోదు. కిందికి దిగుతున్నప్పుడు ఆ ఒత్తిడి తేడా పోతుంది. 2023 మే నెలలో దక్షిణ కొరియాలో దేగు విమానాశ్రయంలో దిగబోతున్న విమానంలో ఒక ప్రయాణికుడు నిజంగానే తెరిచాడు, నేలకు కొన్ని వందల అడుగుల ఎత్తులో. విమానం క్షేమంగా దిగింది గానీ ఊపిరి ఆడక పలువురిని ఆసుపత్రికి తీసుకుపోయారు. కాబట్టి హ్యాండిల్ మీద చెయ్యి పెట్టినవాడి మీద ఎయిర్ హోస్టెస్ గట్టిగా అరిస్తే అది పొగరు కాదు, విడమరిచి చెప్పేంత టైం లేదు.

కానీ ఆ అరుపు ఏ భాషలో ఉంది? శంషాబాద్ నుంచి గల్ఫ్ పోయే విమానాల్లో సగం మందికి తెలుగు తప్ప ఇంకోటి సరిగ్గా రాదనుకోండి, ఇంగ్లిష్‌లో హిందీలో చదివే భద్రతా సూచనలు ఎంతమందికి ఎక్కుతాయి? "సర్, ప్లీజ్ బీ సీటెడ్" అని మూడుసార్లు చెప్పినా లేచి బ్యాగు తీస్తున్న మనిషి మొండివాడు కావచ్చు, లేదా తనతో కాదనుకుంటున్నవాడు కావచ్చు. "అన్నా, కూసోండి, విమానం ఇంకా ఆగలేదు" అని ఒక్క మాటతో తీరిపోయే పంచాయితీని భాష రాక హెచ్చరికల దాకా తెచ్చుకోవడం రెండు వైపులా నష్టం. ఈ దారిలో తిరిగే ప్రతి విమానంలో తెలుగు వచ్చిన ఒకరు ఉండాలని అడగడం మరీ గొంతెమ్మ కోరిక ఏమీ కాదు.

తెలియక చేసినవాడు చెప్తే ఆగుతాడు, చాలాసార్లు సిగ్గుపడతాడు కూడా. ఇంకో రకం ఉంటుంది, "నేనెవరో తెలుసా" అనే రకం. మన దేశంలో నో ఫ్లై నిబంధనలు రావడానికి కారణం బీడీ తాగినాయన కాదు. 2017 మార్చిలో అప్పటి శివసేన ఎంపీ రవీంద్ర గైక్వాడ్ ఢిల్లీలో ఎయిర్ ఇండియా అధికారిని చెప్పుతో కొట్టానని తానే టీవీల ముందు చెప్పుకున్నారు. విమాన సంస్థలు ఎక్కించుకోబోమన్నాయి, రెండు వారాలకే ఆ ఆంక్ష పోయింది. అదే ఏడాది జూన్‌లో విశాఖలో కౌంటర్ మూశాక వచ్చిన అప్పటి అనంతపురం ఎంపీ జేసీ దివాకర్ రెడ్డి సిబ్బందితో గొడవపడ్డారని మళ్ళీ అదే తంతు. ఆ సెప్టెంబర్‌లో డీజీసీఏ నిబంధనలు ఖరారు చేసింది.

వాటిలో మూడు స్థాయిలు ఉన్నాయి. నోటి దురుసు, సైగలు, తాగి అల్లరి మొదటి స్థాయి, మూడు నెలల దాకా నిషేధం. నెట్టడం, కొట్టడం, తాకకూడని చోట తాకడం రెండోది, ఆరు నెలల దాకా. ప్రాణం మీదికి తెచ్చేవి, అంటే గొంతు పిసకడం, విమాన వ్యవస్థలను పాడుచేయడం, కాక్‌పిట్‌లోకి దూరబోవడం మూడోది, కనీసం రెండేళ్ళు, పై హద్దు లేదు. ఒక ఆడపిల్ల మీద చెయ్యి వేస్తే గరిష్ఠంగా ఆరు నెలలా అని మీకనిపిస్తే, నాకూ అనిపించింది. ఇది విమానం ఎక్కే హక్కు గురించి మాత్రమే. క్రిమినల్ కేసు వేరేగా నడుస్తుంది, భారతీయ న్యాయ సంహితలో 74, 75 సెక్షన్లు అందుకే ఉన్నాయి. మన దేశంలో రిజిస్టరైన విమానం ప్రపంచంలో ఎక్కడున్నా అందులో జరిగిన నేరానికి మన చట్టం వర్తిస్తుంది. గల్ఫ్ సంస్థ విమానమైతే చిక్కు ఉంది, టోక్యో ఒప్పందం మొదట ఆ విమానం రిజిస్టరైన దేశానికే అధికారం ఇచ్చింది. దిగిన దేశానికీ అధికారం ఇచ్చే మాంట్రియల్ ప్రోటోకాల్ 2014లో రాసి 2020 జనవరిలో అమల్లోకి వచ్చింది, అదీ ఆమోదించిన దేశాల వరకే.

నిషేధం ఎవరు వేస్తారు? ఇక్కడే నాకు మంట. ఫిర్యాదు చేసేది విమాన సంస్థ ఉద్యోగి, విచారించే కమిటీని వేసేది అదే సంస్థ. కమిటీకి రిటైరైన జిల్లా జడ్జి అధ్యక్షుడు, వేరే విమాన సంస్థ నుంచి ఒకరు, ప్రయాణికుల సంఘమో వినియోగదారుల సంఘమో తరఫున ఒకరు ఉంటారు. కాగితం మీద బాగానే ఉంది. ముప్పై రోజుల్లో తేల్చాలి, ఆ లోపు సంస్థ అతన్ని ఎక్కించుకోకుండా ఉండవచ్చు, గడువు దాటితే అతను స్వేచ్ఛగా ఎక్కొచ్చు. నిషేధం పడ్డవాడు అరవై రోజుల్లో పైకి అప్పీలు చేసుకోవచ్చు, అక్కడ రిటైరైన హైకోర్టు జడ్జి ఉంటారు. ఒక సంస్థ నిషేధిస్తే మిగతావి పాటించి తీరాలనేమీ లేదు. అంటే పొద్దున ఒకదాంట్లో నిషేధం పడ్డవాడు సాయంత్రం ఇంకోదాంట్లో ఎక్కొచ్చు. దీనికి తలకిందులుగా జరిగింది 2020 జనవరిలో. కమెడియన్ కునాల్ కామ్రా ఒక టీవీ యాంకర్‌ను విమానంలో ప్రశ్నలతో వెంటపడ్డాడని, కమిటీ ఏమీ తేల్చకముందే ఇండిగో ఆరు నెలలు నిషేధించింది, ఇంకొన్ని సంస్థలు తమ విమానంలో ఏమీ జరగకపోయినా వెంటనే నిషేధించాయి. నన్ను అడగలేదని ఆ విమానం కెప్టెనే సంస్థకు రాశాడు. కమిటీ తర్వాత దాన్ని మూడు నెలలకు తగ్గించింది. బలం ఉన్నవాడి దగ్గర మెత్తగా, వార్తల్లో ఉన్నవాడి దగ్గర తొందరగా నడిచే నిబంధన సిబ్బందిని కాపాడదు.

అసలు కాగితమే పుట్టకపోతే? 2022 నవంబర్‌లో న్యూయార్క్ నుంచి ఢిల్లీ వస్తున్న ఎయిర్ ఇండియా విమానంలో, బిజినెస్ క్లాస్‌లో ఒక పెద్దావిడ మీద తోటి ప్రయాణికుడు మూత్రం పోశాడన్న ఫిర్యాదు గుర్తుండే ఉంటుంది. విమానం దిగిన 12 గంటల్లో డీజీసీఏకు తెలపాలి. తెలపలేదు. సంగతి బయటపడింది జనవరిలో. సంస్థకు 30 లక్షల జరిమానా, కెప్టెన్ లైసెన్సు మూడు నెలలు సస్పెండ్, ప్రయాణికుడికి నాలుగు నెలల నిషేధం. అది ఎకానమీలో, మన కోరుట్ల మనిషి చేసి ఉంటే దిగగానే సీఐఎస్ఎఫ్ వచ్చి ఉండేదని నా అనుమానం.

సిబ్బంది వైపు నుంచి చూడండి. ఎయిర్ హోస్టెస్ ఫిర్యాదు రాస్తే విమానం దిగిన ఊళ్ళో పోలీస్ స్టేషన్‌లో కూర్చోవాలి, స్టేట్‌మెంట్ ఇవ్వాలి, తర్వాత కోర్టు పిలిస్తే ఆ ఊరికే రావాలి. రేపు పొద్దున ఇంకో ఫ్లైట్ ఉంటుంది. "పోనీలే, సారీ చెప్పించేద్దాం" అనే మాట ఎవరో ఒకరు అంటారు. అవతల మనిషి తాగి బహిరంగంగా అల్లరి చేశాడన్న న్యాయ సంహిత సెక్షన్ 355 కింద పోతే శిక్ష 24 గంటల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. దానికోసం ఆమె అన్ని తిరుగుళ్ళు తిరగాలా అని లెక్క వేసుకోవడంలో తప్పేముంది?

అందుకే సాక్షులు కావాలి. మీ పక్క సీట్లో జరిగితే పైనున్న బటన్ నొక్కి పిలవండి, సీటు మార్చమని అడగండి, మీరు దూకి కొట్టకండి, కొడితే మీరూ అదే నిబంధనల కిందికి వస్తారు. ఫోన్‌లో ఫొటో, వీడియో తీసుకోవచ్చు, అయితే తీయడమే గందరగోళానికి కారణమయ్యేలా ఉండకూడదని డీజీసీఏ 2020లోనే స్పష్టం చేసింది. సిబ్బంది పెద్ద ఎవరో అడిగి, దీన్ని కెప్టెన్ రిపోర్టులో రాయమనండి. ఇంట్లో ఎవరైనా మొదటిసారి గల్ఫ్ పోతుంటే బీడీ కట్ట, తలుపు హ్యాండిల్, బెల్టు లైటు ఆరేదాకా లేవకూడదన్న సంగతి ఇంటి దగ్గరే తెలుగులో చెప్పి పంపండి. ఇక దిగాక, బయట ఆర్మూర్ కారో వరంగల్ కారో ఎదురుచూస్తుంటుంది, అందరికీ ఇంటికి పోయే తొందర, పోలీసుల దగ్గర ఆగాలని ఎవరికీ ఉండదు. ఆగలేకపోతే కారులో కూర్చునే ఫ్లైట్ నంబరు, మీ సీటు నంబరు, అతని సీటు నంబరు, చూసింది చూసినట్టు నాలుగు వాక్యాలు ఆ సంస్థకు మెయిల్ పెట్టండి, కేంద్రం నడిపే ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలో కూడా వేయండి. కమిటీ ముందు ఆ అమ్మాయి మాట, అతని మాట ఎదురెదురుగా ఉన్నప్పుడు మూడో మనిషి రాసిన ఆ నాలుగు వాక్యాలకు చాలా బరువుంటుంది.